సముద్రం తినగా మిగిలిన ఊరు

మా నాన్న ఇంగ్లాండులో ఉన్నది రెండు నెలలు. అందులో లండన్‌కి మూడు రోజులు పోతే మిగతా అంతా క్రోమర్‌లోనే. లండన్‌లో తీసిన ఫొటోలు ఏ పాత ఫోన్‌లో ఉండిపోయాయో వెతుక్కోవాలి. సముద్రంలోకి వంతెనలా కట్టిన క్రోమర్ పియర్ మీద బెంచీలో కూర్చుని, గాలికి మఫ్లర్ చెవుల మీదికి లాక్కుంటూ, పక్కనున్న ముసలి పీతల జాలరితో చేతులు తిప్పుతూ మాట్లాడుతున్న నాన్న మాత్రం కళ్లు మూసుకుంటే చాలు కనిపిస్తారు. నాన్నకి ఇంగ్లీషు రాదు. ఆ పెద్దాయన ఇంగ్లీషు నార్ఫోక్ యాసలో ఉండేది, నాకే సగం అర్థమయ్యేది కాదు. అయినా వాళ్లిద్దరూ పొద్దు వాలేదాకా కూర్చునేవాళ్లు.

మేం 2009లో అక్కడికి చేరాం. మా ఆయనకి నారిచ్‌లో ఉద్యోగం. అక్కడ అద్దెలు చూసి భయపడి, రైల్లో ముప్పావు గంట దూరంలో ఉన్న ఈ ఊళ్లో ఇల్లు తీసుకున్నాం. ఇంగ్లాండు మ్యాపులో తూర్పు వైపు సముద్రంలోకి ఉబ్బెత్తుగా పొడుచుకొచ్చిన భాగం నార్ఫోక్. దాని పై అంచున, ఉత్తర సముద్రానికి ఎదురుగా ఉంటుంది క్రోమర్. జనాభా ఎనిమిది వేల లోపే. మేం దిగింది ఫిబ్రవరిలో. స్టేషన్ బయటికి వచ్చేసరికి గాలి మనిషిని పట్టి వెనక్కి నెట్టింది. పాపకి అప్పుడు నెలలు. దాన్ని శాలువాలో చుట్టి గుండెకి హత్తుకుని నడుస్తుంటే, సందు మలుపు తిరగ్గానే వాసన తగిలింది. ఉప్పు, నాచు, ఉడికిన పీతల వాసన. ఎక్కడో పరాయి దేశంలో మా మేనత్త వంటింటి గుమ్మం ముందు నిలబడినట్టయింది. అంతవరకూ ఉన్న టెన్షన్ ఆ ఒక్క వాసనతో సగం దిగిపోయింది.

మాది ఉప్పాడ. ఆ పేరు చెప్పగానే అందరికీ జాందానీ చీరలు గుర్తొస్తాయి. మా ఇంట్లో వాళ్లకి మాత్రం సముద్రం కోత గుర్తొస్తుంది. తాతగారి ఇల్లు ఉన్న చోట నేను పుట్టకముందే కెరటాలు తిరుగుతున్నాయి. నాన్న ఉద్యోగం కాకినాడలో కావడంతో నేను పెరిగిందంతా అక్కడే. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్లు పోసి మళ్లీ వేశారో లెక్కలేదు. సముద్రం ఊరిని తింటుందన్న మాట మాకు అన్నం తిన్నంత మామూలు. క్రోమర్‌లోనూ అదే మాట అంత మామూలుగా వినిపిస్తుందని నేను అనుకోలేదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటిన మనిషి. మనసులో నేను ఆవిణ్ణి మామ్మగారు అనే పిలుచుకునేదాన్ని. నార్ఫోక్‌లో తీరుబడిగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడాన్ని మార్డిల్ అంటారు. వచ్చిన వారానికే ఆవిడ గోడ మీంచి తొంగి చూసి మార్డిల్‌కి రమ్మంది. ఆ ఊరి చరిత్రలో నాకు తెలిసిన దాంట్లో సగం ఆవిడ వంటింట్లో టీ తాగుతూ తెలుసుకున్నదే. మొదటిరోజే అడిగింది, "చర్చి చూశావా? అది మా రెండో చర్చి. మొదటిది నీళ్లలో ఉంది" అని.

ఆవిడ చెప్పింది షిప్‌డెన్ గురించి. 1086లో ఇంగ్లాండు రాజు రాజ్యంలోని భూములన్నీ లెక్క రాయించాడు. ఆ పుస్తకంలో క్రోమర్ పేరే లేదు, షిప్‌డెన్ ఉంది. అప్పట్లో ఒడ్డున ఉన్న ఊరు అదే. ఇప్పటి క్రోమర్ దాని వెనకాల, లోపలికి ఉండేది. 14వ శతాబ్దంలో సముద్రం షిప్‌డెన్‌ని చర్చితో సహా మింగేసింది. వెనక ఉన్న ఊరు ఒడ్డుకి వచ్చి పడింది. పియర్ అవతల నీళ్లలో మిగిలిన ఆ చర్చి రాళ్లని చర్చ్ రాక్ అనేవారు. 1888లో విక్టోరియా అనే విహార పడవ జనాన్ని ఎక్కించుకుని వెళ్తూ ఆ రాళ్లకే గుద్దుకుని ఆగిపోయింది. మనుషులకేమీ కాలేదు. ఐదు వందల ఏళ్ల కింద మునిగిన గుడి పడవకి అడ్డు తగిలిందంటే వినడానికి కథలా ఉంటుంది, కానీ జరిగింది అదే. గాలివాన రాత్రుల్లో ఆ చర్చి గంటలు నీళ్లలోంచి వినపడతాయని పాతవాళ్లు అంటారు. మామ్మగారు ఎప్పుడూ వినలేదట. అయినా తుపాను రాత్రి కిటికీ కాస్త తెరిచి పెట్టుకునేదాన్నని చెప్పింది.

ఇప్పుడున్న చర్చి ఊరి నడిబొడ్డున ఉంది. గోపురం ఎత్తు 160 అడుగులు, నార్ఫోక్‌లో ఏ ఊరి చర్చికీ అంత ఎత్తు లేదు. 172 మెట్లు ఎక్కితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. చర్చి గోడలూ, చుట్టూ సందుల్లోని పాత ఇళ్ల గోడలూ అన్నీ చెకుముకి రాళ్లతోనే. ఒడ్డున ఎక్కడ చూసినా దొరికే రాయి అదే. పైకి తెల్లగా, గుడ్డు పెంకులా గరుగ్గా ఉంటుంది. పగలగొడితే లోపల నల్లటి గాజులా మెరుస్తుంది. ఆ మెరిసే ముఖం బయటికి కనపడేలా ఒక్కో రాయినీ చెక్కి గోడలో పేర్చారు. వాన పడ్డాక ఎండ కాస్తే గోడ మొత్తం చేప పొలుసుల్లా తళతళలాడుతుంది. పాప నడక నేర్చుకున్నది ఆ గోడలు పట్టుకునే.

1877లో రైలు వచ్చేదాకా క్రోమర్ జాలర్ల ఊరే. అంతకు ముందు కూడా సముద్ర స్నానాలకి కొద్దిమంది డబ్బున్నవాళ్లు వచ్చేవాళ్లు గానీ, ఊరి తలరాత మార్చింది రైలే. 1883లో క్లెమెంట్ స్కాట్ అనే లండన్ పత్రికా రచయిత ఇక్కడికి వచ్చి, కొండ అంచుల మీద ఎర్రగా విరగబూసిన పాపీ పూలు చూసి మనసు పారేసుకున్నాడు. ఈ ప్రాంతానికి పాపీల్యాండ్ అని పేరు పెట్టి రాశాడు. ఇక జనం పోటెత్తారు. పియర్ ఎదురుగా ఎర్ర ఇటుకలతో, గుమ్మటాలతో కనిపించే హోటల్ డి పారిస్ ఆ రోజుల్లో ఇప్పటి రూపానికి వచ్చిందే. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ 1887లో వచ్చి ఉంది. 1933లో హిట్లర్ మనుషుల నుంచి ప్రాణం కాపాడుకోవడానికి ఐన్‌స్టీన్ క్రోమర్‌కి దగ్గర్లో ఉన్న రఫ్టన్ హీత్ అనే బీడులో, చెక్క గుడిసెలో కొన్ని వారాలు తలదాచుకున్నాడు. అక్కడికి ఒకసారి వెళ్లాం. చూడ్డానికి ఏమీ లేదు, పొదలు, గాలి. మా ఆయన మాత్రం చాలాసేపు కదల్లేదు.

గొప్పవాళ్లు వచ్చి వెళ్లారు గానీ ఊరిని నిలబెట్టింది పీత. క్రోమర్ పీత అంటే ఇంగ్లాండంతా తెలుసు. ఒడ్డుకి దగ్గర్లోనే నీళ్ల అడుగున సుద్దరాయి గట్లు మైళ్ల పొడవునా ఉన్నాయి. 2016లో ఆ గట్లున్న చోటుని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ సుద్ద సందుల్లో పెరిగే పీత వేరే చోటి పీతల కంటే చిన్నది, కండ తీపి. సైజు చిన్నది కాబట్టి ఇక్కడి నిబంధన కూడా వేరు. డిప్ప వెడల్పు 115 మిల్లీమీటర్లకి తగ్గితే నీళ్లలో వదిలేయాలి. రేవు అనేది లేదు. పడవల్ని ట్రాక్టర్‌తో ఇసుక మీదికి తోసుకెళ్లి నీళ్లలో దింపుతారు, వేట అయ్యాక మళ్లీ ట్రాక్టరే పైకి లాగుతుంది. పూర్వం పడవకి ముందూ వెనకా రెండు వైపులా మొన ఉండేది, కెరటం ఎటు నుంచి వచ్చినా చీల్చుకు పోవడానికి. ఎర పెట్టిన బుట్టల్ని ఒకే తాడుకి వరసగా కట్టి అడుగుకి దించి, మర్నాడు పైకి లాగుతారు.

మార్చి నుంచి సీజన్. కొందరు జాలర్లు ఇంటి ముందు గదిలోనే అమ్ముతారు. ఉడికించిన పీతని విప్పి, నడుమ తెల్ల కండ, అటూ ఇటూ గోధుమరంగు గుజ్జు పెట్టి, దాని డిప్పలోనే సర్ది ఇస్తారు. డ్రెస్డ్ క్రాబ్ అంటారు. నిమ్మరసం, మిరియాల పొడి, బ్రెడ్డు, వెన్న, అంతే. మొదటిసారి తిన్నప్పుడు కారం లేని పీత ఏం పీత అనిపించింది. నాలుగోసారికి ఆ తీపి నాలికకి పట్టింది. మధ్యలో ఒకరోజు పచ్చి పీతలు కొని, నారిచ్ నుంచి తెచ్చుకున్న చింతపండుతో పులుసు పెట్టాను. మామ్మగారికి చిన్న గిన్నెలో పంపాను. సాయంత్రం గిన్నె కడిగి తెచ్చి ఇస్తూ, "అరవై ఏళ్లుగా పీతలు తింటున్నాను. అది పీతేనని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది" అంది. ఆవిడ కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తర్వాత ప్రతి వేసవిలోనూ పులుసు ఎప్పుడని తనే అడిగేది.

క్రోమర్‌లో ఎవరితో మాట్లాడినా పది నిమిషాల్లో ఒక పేరు వస్తుంది. హెన్రీ బ్లాగ్. సముద్రానికేసి చూస్తూ ఆయన కాంస్య విగ్రహం ఉంది, ఆయన పేరుతో మ్యూజియం ఉంది. 1876లో పుట్టాడు. పీతల వేట ఆయన వృత్తి, వేసవిలో ఒడ్డున కుర్చీలు అద్దెకి ఇచ్చేవాడు. 18 ఏళ్లకి లైఫ్‌బోటులో, అంటే సముద్రంలో ఆపదలో పడ్డవాళ్లని కాపాడే బోటులో చేరాడు. 1909లో దానికి కాక్సన్ అయ్యాడు, అంటే మన సరంగు లాంటివాడు. 1947లో దిగేవరకూ మొత్తం 53 ఏళ్లు. లైఫ్‌బోటుల మీద 387 సార్లు సముద్రంలోకి వెళ్లాడు, 873 మందిని బతికించి తెచ్చాడు. లైఫ్‌బోటు సంస్థ ఇచ్చే బంగారు పతకం మూడుసార్లు అందుకున్నాడు. ఆయనకి ఈత రాదు. మామ్మగారు ఆ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మ్యూజియంలోనూ అదే విన్నాను.

ఇంగ్లాండులో లైఫ్‌బోటు నడిపేది ప్రభుత్వం కాదు. జనం ఇచ్చే చందాలు, ఊళ్లోవాళ్ల స్వచ్ఛంద సేవ. క్రోమర్‌లో అయితే 1804 నుంచే లైఫ్‌బోటు ఉంది, దేశమంతటికీ కలిపి సంస్థ ఏర్పడకముందే. బోటువాళ్లని పిలవడానికి బ్లాగ్ కాలంలో ఆకాశంలోకి జువ్వలు పేల్చేవాళ్లు. మా రోజులకి పేజర్లు వచ్చాయి. ఒకసారి మా కుళాయి బాగు చేస్తున్న మనిషి నడుముకున్న పేజర్ మోగింది. రెంచీ నేలమీద వదిలేసి, ఒక్క మాట చెప్పకుండా పరిగెత్తాడు. ఐదు నిమిషాలకి పియర్ చివర్నుంచి బోటు జారుడుబల్ల మీదుగా దూసుకొచ్చి నీళ్లని కొట్టిన చప్పుడు మా పెరట్లోకి వినపడింది. మూడు గంటల తర్వాత తడిసిన జుట్టుతో తిరిగొచ్చి, సారీ చెప్పి, కుళాయి పని పూర్తి చేశాడు. నేను డబ్బు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. బల్ల మీద లైఫ్‌బోటు డబ్బా చూపించాడు. అలాంటి డబ్బా ఆ ఊళ్లో ప్రతి కొట్లోనూ ఉంటుంది.

బ్లాగ్ కథల్లో పెద్దది 1917 జనవరి నాటిది. యుద్ధానికి కుర్రాళ్లంతా వెళ్లిపోయారు. బోటులో మిగిలినవాళ్ల సగటు వయసు యాభై దాటింది. తెడ్ల బోటు, ఇంజను లేదు. ఆ రోజు ముందు పైరిన్ అనే గ్రీకు ఓడ నుంచి 16 మందిని తెచ్చారు. ఒళ్లు హూనమై ఒడ్డు చేరేసరికి ఫెర్నెబో అనే స్వీడన్ ఓడ మందుపాతర తగిలి రెండు ముక్కలైంది. మళ్లీ వెళ్లారు. కెరటాలు బోటుని తిరిగి ఒడ్డుకి విసిరేశాయి, తెడ్లు విరిగాయి. కొత్త తెడ్లు తెచ్చుకుని ఇంకోసారి వెళ్లి 11 మందిని తీసుకొచ్చారు. ఊరి జనం, సిపాయిలు మెడలోతు నీళ్లలో దిగి బోటుని తోశారు. వాళ్లలో తన తండ్రి కూడా ఉన్నాడని మామ్మగారు చెప్పేది, ప్రతిసారీ అప్పుడే జరిగినట్టు.

నాకు మాత్రం 1933 కథే ఇష్టం. సెపాయ్ అనే సరుకుల బార్జి ఒడ్డుకి రెండు వందల గజాల దూరంలో ఇసుకలో ఇరుక్కుపోయింది. అదే మన సిపాయి పేరు. అందులో ఇద్దరు మనుషులు తెరచాప కొయ్యకి వేలాడుతూ గంటల తరబడి ఉండిపోయారు. ఒడ్డు మీద ఊరంతా నిలబడి చూస్తోంది. బ్లాగ్ అప్పటికి వేరే ఓడ కోసం వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చి, ఎన్నిసార్లు ప్రయత్నించినా పక్కన ఆగడం కుదరక, చివరికి బోటుని తిన్నగా ఆ బార్జి మీదికే ఎక్కించేశాడు. ఎక్కిన ఆ క్షణంలో మనవాళ్లు ఒకణ్ణి లాగారు. వెనక్కి జారి, మళ్లీ ఎక్కించి రెండోవాణ్ణి లాగారు. ఆ హెచ్. ఎఫ్. బెయిలీ బోటు ఇప్పుడు మ్యూజియంలో ఉంది. 1941 ఆగస్టులో యుద్ధ సమయంలో ఓడల వరస ఒకటి హేజ్‌బరో ఇసుక దిబ్బలు ఎక్కేస్తే 88 మందిని తెచ్చింది కూడా ఆ బోటే. దాని చెక్క మీద చెయ్యి వేసి చూశాను. మనిషి చర్మంలా నునుపుగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పియర్ గురించి చెప్పనే లేదు. సముద్రంలోకి 150 మీటర్ల దూరం వెళ్లే చెక్క వంతెన అనుకోండి, అవతలి ఒడ్డు లేని వంతెన. 1901లో కట్టారు. చివర్న చిన్న థియేటరు, దాని వెనక లైఫ్‌బోటు షెడ్డు. వేసవంతా ఆ థియేటరులో పాటలు, డాన్సులు, హాస్యంతో షో నడుస్తుంది. దేశంలో ఇలాంటివి ఒకప్పుడు ప్రతి పియర్ మీదా ఉండేవట, ఇప్పుడు సీజనంతా ఆడేది క్రోమర్‌లోనే. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువులు దిగకుండా పియర్ నడుం భాగం తీసేశారు. లైఫ్‌బోటు వాళ్లు నడవడానికి మాత్రం పలకలు వేశారు. 1993 నవంబరులో తుపానుకి వంద టన్నుల డ్రిల్లింగ్ రిగ్ ఒకటి తాళ్లు తెంచుకుని వచ్చి పియర్‌ని రెండుగా కోసేసింది. థియేటరు, లైఫ్‌బోటు నీళ్ల మధ్య ఒంటరిగా మిగిలాయి. మళ్లీ కట్టుకున్నారు.

పిల్లలకి ఆ పియర్ వేరే లోకం. దారానికి బేకన్ ముక్క కట్టి కమ్మీల సందులోంచి వదిలితే చిన్న పీతలు పట్టుకుని పైకొస్తాయి. బకెట్‌లో వేసుకుని, లెక్కపెట్టుకుని, ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. దాన్ని గిల్లీయింగ్ అంటారు. మా పాప మొదటిరోజే వేలు గిల్లించుకుని, పేరు ఎందుకు వచ్చిందో తనకి తెలిసిపోయిందని అందరికీ చెప్పింది.

నాన్న 2013 జూన్‌లో వచ్చారు. మా ఊళ్లో సూర్యుడు సముద్రంలోంచి లేచి పొలాల వెనక్కి దిగుతాడు. క్రోమర్ ఒడ్డు ఉత్తరానికి తిరిగి ఉండటం వల్ల జూన్‌లో పొద్దు పొడిచేదీ సముద్రంలోంచే, కుంకేదీ సముద్రంలోకే. అది చూడ్డానికని మొదటిరోజు పియర్‌కి తీసుకెళ్లాను. మర్నాటి నుంచి తనే వెళ్లిపోయేవారు. మూడో రోజు నేను వెతుక్కుంటూ వెళ్తే ఆ పెద్దాయన పక్కన ఉన్నారు.

ఇద్దరికీ స్నేహం కుదిరింది పీత దగ్గర. అంతకు ముందురోజు గార్డెన్ స్ట్రీట్‌లో పీతలు కొనడానికి వెళ్లాం. నాన్న ఒక పీతని తీసుకుని, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూశారు. తిరగేసి కాలి మొదట్లో బొటనవేలితో నొక్కారు. పెదవి విరిచి పక్కన పెట్టారు. ఇంకోటి తీసి, అలాగే చూసి, "ఇది నిండు పీత అమ్మడూ, అది డొల్ల" అన్నారు. అక్కడ నిలబడ్డ ఆ పెద్దాయన నాన్న పక్కన పెట్టిన పీతని తీసుకున్నాడు. అరచేతిలో అలాగే ఎగరేసి, అలాగే బొటనవేలితో నొక్కి చూసి, నాన్న వైపు తల ఊపాడు. నలభై ఏళ్లు బుట్టలు లాగిన చేతులవి. వేళ్ల కణుపులు వంకర్లు పోయి ఉన్నాయి. అమావాస్యకి పీతలు నిండుతాయని మావాళ్లు అంటారని నాన్న చెప్పమంటే చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి, చంద్రుడి సంగతి తనకి తెలీదు గానీ, పెంకు వదిలిన కొత్తలో లోపల నీళ్లే ఉంటాయన్నాడు. ఆ మాట నాన్నకి చెబితే "అదీ నిజమే" అన్నారు.

పియర్ మీద నేను దుబాసీని. ఒకరోజు ఆయన వేలు చాపి, "అదిగో, అక్కడ చర్చి" అన్నాడు. నీళ్లు తప్ప ఏమీ లేవు. షిప్‌డెన్ కథ నేను తెలుగులో చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కమ్మీ దగ్గరికి వెళ్లి, ఎదురుగా ఉన్న సముద్రాన్నే ఉప్పాడ చేసుకుని చూపించడం మొదలుపెట్టారు. "ఇక్కడ మా ఇల్లు. ఇంటి ముందు మగ్గాల చావిడి. అది దాటితే కొబ్బరి తోట. తోట అవతల రాములవారి కోవెల. కోవెల ముందు ఇసుకలో మేం కబడ్డీ ఆడేవాళ్లం. ఆ ఇసుక అవతల ఎక్కడో సముద్రం." ఒక్కో మాటకీ చెయ్యి ఇంకొంచెం దూరం చాపారు. నేను ఇంగ్లీషులోకి చెప్పబోతే పెద్దాయన వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆయనకి అప్పటికే అర్థమైంది. నాన్న ఆ ఇంటి గురించి అంత వివరంగా చెప్పడం నేనూ అదే మొదటిసారి వినడం.

ఇంకో రోజు తూర్పుగా హ్యాపీస్‌బర్గ్ వెళ్లాం. రాయడం అలా, పలకడం హేజ్‌బరో. అక్కడ రోడ్డు గాల్లోకి వెళ్లి ఆగిపోతుంది. ఇళ్లు కొండ అంచు నుంచి ఒక్కొక్కటే కిందికి పోయాయి. ఏ ఊరికి గోడ కట్టి కాపాడాలి, ఏ ఊరిని సముద్రానికి వదిలేయాలి అన్నది అక్కడ ప్రభుత్వం ప్రణాళికలో రాసుకుంది. క్రోమర్‌కి గోడ ఉంది. ఆ పల్లెలో పాత అడ్డుకట్టలు కూలిపోయాక మళ్లీ కట్టలేదు. నాన్నకి చెబితే, "రాసి మరీ వదిలేశారా" అన్నారు. ఆ గొంతులోని బాధ నేను మర్చిపోలేదు. ఇప్పటికీ ఆ లెక్క నాకు మింగుడు పడదు. ఖర్చు గురించి చెప్పే కారణాలన్నీ చదివాను. ఇల్లు పోయిన మనిషి ముందు నిలబడి ఆ కారణాలు చదివి వినిపించడం నా వల్ల కాదు.

ఆ ఒడ్డునే ఆ ఏడాది మేలో అలలకి ఇసుక కొట్టుకుపోయి, ఎనిమిది లక్షల ఏళ్లకి పైబడిన మనిషి అడుగుల గుర్తులు బయటపడ్డాయి. ఆఫ్రికా బయట దొరికిన వాటిలో అంత పాతవి అప్పటికి లేవు. రెండు వారాల్లో సముద్రం వాటినీ చెరిపేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పేపర్లో వచ్చినప్పుడు తెలిసింది, మేం నడిచింది అక్కడే అని. క్రోమర్‌కి పడమర వెస్ట్ రంటన్‌లో 1990లో తుపాను తర్వాత కొండ అంచు విరిగి ఏనుగు జాతి జంతువు ఎముక కనపడింది. 1995లో మొత్తం తవ్వి తీశారు. నాలుగు మీటర్ల ఎత్తు, పది టన్నుల బరువుండేదట. ఆ ఎముకలు కొన్ని చర్చి పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి. సముద్రం తిన్నప్పుడల్లా ఇలా ఏదో ఒకటి బయటపెడుతుంది.

మరొక ముక్క చెప్పాలి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. క్రోమర్ పక్కన నార్త్‌రెప్స్ అనే ఊళ్లో థామస్ ఫోవెల్ బక్స్‌టన్ ఉండేవాడు. బానిసత్వం రద్దు చేయాలని పార్లమెంటులో పోరాడినవాడు. 1833లో చట్టం తెప్పించాడు, 1845లో పోయాడు, సమాధి ఓవర్‌స్ట్రాండ్‌లో ఉంది. బానిసలు స్వేచ్ఛ పొందాక మారిషస్ చెరకు తోటల వాళ్లు మన దేశం నుంచి కూలీల్ని ఒప్పంద పత్రాల మీద ఓడలెక్కించుకుపోయారు. అందులో మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. మారిషస్‌లో తెలుగువాళ్లకి కొరింగీలు అనే పేరు అలా వచ్చింది. ఆ కోరంగి రేవు కూడా 1839 తుపానుకి ధ్వంసమైంది. ఓవర్‌స్ట్రాండ్ చర్చి దగ్గర ఆయన సమాధి ముందు నిలబడి ఇదంతా ఆలోచించాను. ఆయన చేసింది మహా పుణ్యం. ఆ తర్వాత మావాళ్లకి జరిగింది ఆయనకి తెలిసి ఉంటే ఊరుకునేవాడు కాదనే నా నమ్మకం.

నాన్న ఆగస్టులో వెళ్లిపోయారు. నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా గాలి, వాన, బీచ్ రోడ్డు మీదికి నీళ్లు. ఇంట్లో అందరూ క్షేమమే. రెండు వారాలు తిరక్కుండా, డిసెంబరు 5 సాయంత్రం ఉత్తర సముద్రం పొంగింది. 1953 తర్వాత తూర్పు తీరం అంత ఉప్పెన చూడలేదు. చీకట్లో కొండ మీద నిలబడి చూస్తే కెరటం పియర్ కింది నుంచి పలకల్ని పైకి తన్నేస్తోంది. చప్పుడుకి చర్చి దాకా నేల అదిరింది. మామ్మగారు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది.

తెల్లారి కిందికి వెళ్లాం. రంగురంగుల చెక్క గదులు, ఒడ్డున వేసవిలో కుటుంబాలు అద్దెకి తీసుకునేవి, విరిగి పుల్లలై గోడ పొడవునా పడున్నాయి. పియర్ గేటుకి తాళం వేసి ఉంది. లోపల బెంచీలు ఉన్నాయో లేదో కనపడలేదు. రాళ్ల మధ్య పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఎవరివో బుట్టలు రెండు. నన్ను చూడగానే పలకరింపు కూడా లేకుండా, "మీ నాన్న ఊళ్లోకి నీళ్లు వచ్చాయా?" అన్నాడు.

రెండు వారాల కిందే వచ్చాయి, రోడ్డు మీద దాకా, ఇల్లు క్షేమమే అన్నాను. ఆయన తల ఊపి, ఆ బుట్టల్ని గోడ పైకి అందించమన్నాడు. అందించాను.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. జరిగిందంతా విన్నారు. ఆయన ఎలా ఉన్నాడని అడిగారు. బాగానే ఉన్నాడు, బుట్టలు ఏరుకుంటున్నాడు అన్నాను.

"మళ్లీ వేటకి ఎప్పుడు వెళ్తారట?"

"మార్చిలో నాన్నా."

"మార్చిలో అమావాస్య ఎప్పుడో చూసి చెప్పనా ఆయనకి?" అన్నారు. క్యాలెండర్ గోడ మీంచి తీస్తున్న చప్పుడు ఫోన్‌లో వినపడింది.